భారత వైమానిక దళం ఆర్మీ నుంచి విడిపోయిందా, పుట్టుకతోనే వేరా?

అడిగినవి మూడు. ఎయిర్‌ఫోర్స్ మొదట ఆర్మీలో భాగమా, అయితే ఎప్పుడు విడిపోయింది? వేరే దళం ఉన్నప్పుడు ఆర్మీకీ నేవీకీ మళ్లీ సొంత విమానాలు, హెలికాప్టర్లు ఎందుకు? థియేటర్ కమాండ్లు (ఒక సరిహద్దులో మూడు దళాలకూ ఒకే కమాండర్) వస్తే ఎయిర్‌ఫోర్స్ పరిస్థితి ఏమిటి? ఎస్‌ఎస్‌బీ (సైనిక అధికారుల ఎంపిక బోర్డు) ఇంటర్వ్యూలకు వెళ్లేవాళ్లు ఈ మూడూ తరచూ అడుగుతుంటారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను. మూడింటి వెనకా ఉన్న తగాదా ఒక్కటే: గాల్లో ఉన్న విమానం ఎవరి మాట వినాలి?

ముందు ఒక పొరపాటు సరిచేసుకోవాలి. "1947లో ఆర్మీ నుంచి ఎయిర్‌ఫోర్స్ విడిపోయింది" అని కొన్ని గైడ్లలో కనిపిస్తుంది. అది అమెరికా కథ. అక్కడ 1947 సెప్టెంబరు వరకు వైమానిక దళం ఆర్మీలో భాగంగానే ఉండేది. మనది బ్రిటిష్ నమూనా. బ్రిటన్ 1918 ఏప్రిల్ 1న ఆర్మీ విమానాలనూ నేవీ విమానాలనూ కలిపేసి రాయల్ ఎయిర్‌ఫోర్స్ అనే మూడో దళాన్ని పెట్టింది. 1932 నాటి ఇండియన్ ఎయిర్‌ఫోర్స్ చట్టం అదే పద్ధతిలో వచ్చింది. 1932 అక్టోబరు 8న దళం పుట్టింది, అందుకే ఆ రోజు ఎయిర్‌ఫోర్స్ డే. అంటే చట్టం ప్రకారం మన వైమానిక దళం ఏనాడూ ఆర్మీలో భాగం కాదు.

ఆచరణ వేరు. చట్టం వచ్చిన ఆరు నెలలకు, 1933 ఏప్రిల్ 1న, కరాచీలోని డ్రిగ్ రోడ్‌లో మొదటి స్క్వాడ్రన్ మొదలైంది. స్క్వాడ్రన్ అన్నది పేరుకే, ఉన్నది ఒక్క ఫ్లైట్, అంటే స్క్వాడ్రన్‌లో ఒక ముక్క: నాలుగు వెస్ట్‌ల్యాండ్ వాపిటీ విమానాలు, బ్రిటన్‌లోని క్రాన్‌వెల్‌లో శిక్షణ పొందిన ఆరుగురు భారతీయ అధికారులు, 19 మంది హవాయీ సిపాయీలు (అధికారులు కాని వైమానిక సిబ్బంది). ఆ ఆరుగురిలో ఒకరైన సుబ్రతో ముఖర్జీయే 21 ఏళ్ల తర్వాత దళాధిపతి అయ్యారు. వాపిటీకి ఇచ్చిన బాధ్యత పేరే "ఆర్మీ కోఆపరేషన్". వాయవ్య సరిహద్దులో, వజీరిస్తాన్ కొండల్లో, కాలినడకన వెళ్లే దళాలకు పైనుంచి కళ్లుగా ఉండటం, ఫొటోలు తీయడం, బాంబులు వేసే ముందు ఊళ్ల మీద హెచ్చరిక కరపత్రాలు జారవిడవడం. రేడియోలు సరిగా లేని రోజులవి. కిందివాళ్లు రెండు కర్రలు పాతి, వాటి మధ్య తాడు కట్టి, దానికి ఉత్తరం సంచి తగిలించేవారు. విమానం కింది నుంచి ఒక కొక్కెం దింపుకుని, నేలకు దగ్గరగా ఎగురుతూ ఆ తాడును అందుకునేది.

ఇక్కడ తెలుగు నేలకు ఒక సంబంధం ఉంది, పెద్దగా ఎవరూ చెప్పుకోరు. మన దళం పుట్టడానికి 14 ఏళ్ల ముందే, 1918లో, నిజాం ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ విమానాలు సమకూరాయి. అది "హైదరాబాద్ స్క్వాడ్రన్" అయింది. ఖర్చు తగ్గించడానికి వాపిటీని డీహెచ్-9ఏ విడిభాగాలు వాడుకునేలా రూపొందించారు. ఆ రకంగా మనవాళ్లు తొలిసారి నడిపిన విమానం హైదరాబాద్ డబ్బుతో కొన్న విమానానికి దాయాదే.

రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి మనకున్నది ఒకే స్క్వాడ్రన్. 1942లో బర్మాలో కేకే మజుందార్ నాయకత్వంలో లైసాండర్లు నడిపిన తీరు చూస్తే "ఆర్మీ సహాయకుడు" అన్న హద్దు ఎలా చెరిగిందో తెలుస్తుంది. లైసాండర్ నిఘా విమానం. దానికి 250 పౌండ్ల బాంబులు తగిలించి, ఫైటర్ల తోడు కూడా లేకుండా, థాయిలాండ్‌లో జపాన్ వాళ్ల ఎయిర్‌ఫీల్డ్ మీదికి వెళ్లారు. 1944లో ఇంఫాల్ దగ్గర అర్జన్ సింగ్ అదే 1వ స్క్వాడ్రన్‌ను హరికేన్ ఫైటర్లతో నడిపారు. యుద్ధం ముగిసేనాటికి తొమ్మిది స్క్వాడ్రన్లు, సుమారు 28,500 మంది. 1945లో పేరు ముందు "రాయల్" చేరింది. ఇంత పెరిగినా పైన కూర్చున్నది భారత కమాండర్ ఇన్ చీఫ్, అంటే ఆర్మీ జనరల్. మూడు దళాలూ ఆయన కిందే.

అసలు మలుపు 1947 ఆగస్టు 15. దళం కొత్తగా పుట్టలేదు, పైనున్న ఆ ఒక్క కుర్చీ పోయింది. స్వతంత్ర భారత వైమానిక దళానికి తొలి అధిపతి ఎయిర్ మార్షల్ థామస్ ఎల్మ్‌హర్స్ట్. వైమానిక దళం ఆర్మీ కింద ఉండకూడదు, దాని అధిపతి నేరుగా ప్రభుత్వానికే జవాబుదారీగా ఉండాలి అన్నది ఆయన పట్టు. ఈ విషయంలో ఆయనకు దక్కాల్సిన పేరు దక్కలేదని నా అభిప్రాయం. ఆనాడు ఆర్మీ పరిమాణం ముందు ఎయిర్‌ఫోర్స్ చాలా చిన్నది. ఆ పట్టు పట్టకపోతే ఏదో ఒక డైరెక్టరేట్‌గా మిగిలిపోయే ప్రమాదం నిజంగానే ఉండింది. విభజనలో పది స్క్వాడ్రన్లలో సుమారు మూడు పాకిస్తాన్‌కు పోయాయి. డ్రిగ్ రోడ్, పెషావర్, మీరాన్‌షా లాంటి పాత స్థావరాలన్నీ అటే ఉండిపోయాయి.

రెండు నెలలకే పరీక్ష వచ్చింది. అక్టోబరు 27 పొద్దున డకోటా రవాణా విమానాలు 1 సిక్కు బెటాలియన్‌ను శ్రీనగర్‌లో దించాయి. 1948 మే 24న ఎయిర్‌ఫోర్స్ అధికారి మెహర్ సింగ్, జనరల్ తిమ్మయ్యను పక్కన కూర్చోబెట్టుకుని, లేహ్‌లో డకోటా దించారు. పది వేల అడుగుల పైన ఇసుకలో చదునుచేసిన పట్టీ అది. విమానానికి ప్రెషరైజేషన్ లేదు, దారికి మ్యాపులు సరిగా లేవు. బాంబర్లు లేకపోతే డకోటా తలుపులోంచే బాంబులు దొర్లించారు. కశ్మీర్‌లో ఎయిర్‌ఫోర్స్ విలువ ఆర్మీకి అర్థమైంది నిజమే, కానీ "మమ్మల్ని మోసేవాళ్లు, మేం అడిగిన చోట పేల్చేవాళ్లు" అన్న లెక్కలోనే. ఆ లెక్క తర్వాత చాలా కాలం పోలేదు.

పరీక్షలకు చదివేవాళ్లు కలిపేసుకునే తేదీలు ఇక్కడే ఉన్నాయి. "రాయల్" పోయింది 1950 జనవరి 26న. ప్రస్తుతం అమల్లో ఉన్న ఎయిర్‌ఫోర్స్ చట్టం 1950 నాటిది, 1932ది కాదు. తొలి భారతీయ అధిపతి సుబ్రతో ముఖర్జీ బాధ్యత తీసుకుంది 1954 ఏప్రిల్ 1న. అప్పటికి ఆయన హోదాలో "కమాండర్ ఇన్ చీఫ్" అన్న మాట ఇంకా ఉంది. 1955 చట్టం ఆ మాట తీసేసి, మూడు దళాలకూ "చీఫ్ ఆఫ్ స్టాఫ్" అని ఒకే తీరు పెట్టింది. అయినా ఆర్మీ చీఫ్ జనరల్, ఎయిర్ చీఫ్ మాత్రం ఒక మెట్టు కింద ఎయిర్ మార్షల్. ఈ తేడా పోయింది 1965 యుద్ధం తర్వాతే: 1966 జనవరిలో అర్జన్ సింగ్ తొలి ఎయిర్ చీఫ్ మార్షల్ అయ్యారు. మీటింగుల్లో పక్కపక్కన కూర్చున్నా భుజం మీద నక్షత్రాల లెక్క తక్కువైతే మాటకు బరువు తగ్గుతుంది. యూనిఫాం ప్రపంచంలో ఇది చిన్న విషయం కాదు.

1962 చైనా యుద్ధంలో ఫైటర్లను, బాంబర్లను వాడనే లేదు. రవాణా విమానాలు, హెలికాప్టర్లు మాత్రం విరామం లేకుండా తిరిగాయి. మనం దాడి చేస్తే చైనా కలకత్తా లాంటి నగరాల మీద బాంబులు వేస్తుందన్న భయం ఢిల్లీలో ఉంది. టిబెట్ ఎత్తుల్లోని ఎయిర్‌ఫీల్డుల నుంచి బయల్దేరే విమానం ఎంత బరువు మోయగలదు, ఎంత దూరం రాగలదు అన్న లెక్క ఎయిర్ స్టాఫ్ వేసి గట్టిగా చెప్పాల్సింది. ఆ సలహా నిర్ణయం జరిగే గదిలో వినిపించలేదు. దళం స్వతంత్రమైతే చాలదు, నిర్ణయ స్థానంలో ఆ గొంతు ఉండాలి.

1965 సెప్టెంబరు 1 గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఆర్మీ–ఎయిర్‌ఫోర్స్ కలిసి పనిచేసే పద్ధతి మొత్తం ఆ రోజు దెబ్బ తర్వాతే మారింది. తెల్లవారకముందే ఛాంబ్ సెక్టార్‌లో పాకిస్తాన్ ట్యాంకులు కదిలాయి. విమానాల కోసం అభ్యర్థన కింది నుంచి పైకి పాకి, రక్షణ మంత్రి చవాన్ దగ్గరికి చేరేసరికి సాయంత్రం నాలుగు. ఆయన వెంటనే సరేనన్నారు. పఠాన్‌కోట్ నుంచి తొలి వాంపైర్లు లేచింది ఐదుంబావు దాటాక, వెలుగు తగ్గుతున్న వేళ. వాంపైర్ 1948లో మనకు వచ్చిన తొలి జెట్, అప్పటికే పాతబడింది. ఎదురుగా పాకిస్తాన్ సేబర్ జెట్లు. నాలుగు వాంపైర్లు కూలిపోయాయి, తర్వాత వాటిని ముందు వరుస నుంచి తప్పించారు. అంతకన్నా బాధాకరం, కొన్ని దాడులు మన దళాల మీదే పడ్డాయి.

ఎందుకలా జరుగుతుందో లెక్క చూడండి. గంటకు 800 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 220 మీటర్ల పైచిలుకు. మ్యాపు మీద 500 మీటర్ల పొరపాటు ఉంటే పైలట్‌కు అది రెండు సెకన్ల తేడా. పై నుంచి రెండు వైపుల ట్యాంకులూ దుమ్ము రేపే చుక్కలే. అందుకే దగ్గరి పోరాటంలో విమానాన్ని పిలవాలంటే కొన్ని ముక్కలు కచ్చితంగా చెప్పాలి: ఏ గుర్తు మీదుగా లోపలికి రావాలి, అక్కడి నుంచి ఏ దిక్కున ఎన్ని సెకన్లు, లక్ష్యం ఏమిటి, మనవాళ్లు దానికి ఎటువైపు ఎంత దూరంలో ఉన్నారు, ఏ రంగు పొగ వేస్తారు, దాడి చేశాక ఎటు తిరిగి బయటపడాలి. వీటితో పాటు బాంబ్ లైన్ ఒకటి ఉంటుంది, అంటే ఆ గీతకు ఇవతల కింది నుంచి అనుమతి లేకుండా ఏదీ వేయకూడదు. ఛాంబ్‌లో గీత గంటగంటకూ వెనక్కి జరుగుతోంది, ఆ సమాచారం పైలట్‌కు చేరడం లేదు.

యుద్ధం తర్వాత పెట్టుకున్న ఏర్పాటు ఇది. ఆర్మీ కమాండ్ హెడ్‌క్వార్టర్స్ దగ్గర ఎయిర్‌ఫోర్స్ అడ్వాన్స్ హెడ్‌క్వార్టర్స్. కోర్ హెడ్‌క్వార్టర్స్ దగ్గర టాక్టికల్ ఎయిర్ సెంటర్. ముందు వరుసలో ఫార్వర్డ్ ఎయిర్ కంట్రోలర్, సాధారణంగా స్వయంగా పైలట్, చేతిలో రేడియో. అటు ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లో ఒక ఆర్మీ అధికారి, గ్రౌండ్ లయజన్ ఆఫీసర్, కింద ఏం జరుగుతోందో పైలట్లకు ఆర్మీ భాషలో కాకుండా మామూలు భాషలో చెప్పడానికి. అభ్యర్థనలు రెండు రకాలు: ముందు రోజు సాయంత్రమే అడిగేవి, అప్పటికప్పుడు పిలిచేవి. మొదటివి అన్ని స్థాయిల్లో జల్లెడ పట్టి వస్తాయి. రెండోవి బ్రిగేడ్ నుంచి నేరుగా సెంటర్‌కు, మధ్య స్థాయులు అభ్యంతరం చెప్పకపోతే సరే అన్నట్టే. ఈ చిన్న నియమమే గంటల ఆలస్యాన్ని నిమిషాల్లోకి తెచ్చింది.

1971లో ఫలితం కనిపించింది. తూర్పున మిగ్-21లు 500 కిలోల బాంబులతో ఢాకాలోని తేజ్‌గావ్ రన్‌వేను గుంతలు చేశాయి, అక్కడి సేబర్ల స్క్వాడ్రన్ నేలకు కట్టుబడిపోయింది. రన్‌వే మీద ఒక్క గుంత చాలదు. రాత్రికి పూడ్చేస్తారు. ఫైటర్ లేవడానికి చాలినంత పొడవు ఎక్కడా మిగలకుండా కొట్టాలి, పూడ్చిన కొద్దీ మళ్లీ రావాలి. ఆకాశం ఖాళీ అయ్యాకే డిసెంబరు 11న టంగాయిల్‌లో పారాట్రూపర్లను దించగలిగారు. పడమట లోంగేవాలాలో జైసల్మేర్ హంటర్లు ట్యాంకుల దండును ఆపాయి. ముందు గగనతలం, తర్వాత ఆర్మీకి సాయం అన్న ఎయిర్‌ఫోర్స్ వాదన నిజమని తేలింది ఇక్కడే. విమానాలను బ్రిగేడ్‌కొకటి చొప్పున పంచేసి ఉంటే తేజ్‌గావ్ మీద అంత పోగుచేయడం కుదిరేది కాదు.

ఇక రెండో ప్రశ్న, ఆర్మీకీ నేవీకీ సొంత విమానాలు ఎందుకు. నేవీది తేలిక. ఓడ మీద నుంచి ఎగిరే విమానం ఓడలో భాగమే. బ్రిటన్ 1918లో నేవీ విమానాలను కూడా లాగేసుకుని, దాదాపు 20 ఏళ్లు కొట్లాడుకుని, 1937లో తిరిగి ఇచ్చేయడానికి ఒప్పుకుంది. ఆ అనుభవం చూసినందువల్ల మనం 1953లో కొచ్చిలో ఐఎన్‌ఎస్ గరుడ అనే నేవీ ఎయిర్ స్టేషన్‌తోనే నేవీకి విడి విభాగం పెట్టుకున్నాం. చిక్కు తీరం నుంచి లేచి సముద్రం మీద నిఘా చేసే పెద్ద విమానాల దగ్గర వచ్చింది. అవి చాలా కాలం ఎయిర్‌ఫోర్స్ 6వ స్క్వాడ్రన్ దగ్గరే ఉన్నాయి. మొదట లిబరేటర్ బాంబర్లు: యుద్ధం ముగిశాక బ్రిటిష్ వాళ్లు కాన్పూర్‌లో పనికిరాకుండా చేసి వదిలేసినవాటిని హెచ్‌ఏఎల్ బాగుచేసి ఎగిరించింది. తర్వాత సూపర్ కాన్‌స్టెలేషన్లు. సబ్‌మెరైన్ వేట నేవీ బుర్రతో చేసే పని, విమానం మాత్రం ఇంకొకరిది, ఈ ఏర్పాటు ఎవరికీ నచ్చలేదు. 1976లో ఆ బాధ్యత నేవీకి మారింది. విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా నిలబెట్టిన టీయూ-142 ఆ మార్పు తర్వాత నేవీ నడిపిన విమానాల్లో ఒకటి. ఇప్పుడు ఆ పని పీ-8ఐ చేస్తోంది.

ఆర్మీది అంత సాఫీగా జరగలేదు. శతఘ్ని గుండు ఎక్కడ పడిందో పైనుంచి చూసి సరిదిద్దే చిన్న విమానాలను 1947 నుంచీ ఆర్టిలరీ అధికారులే నడిపేవారు. పైలట్లు ఆర్మీ వాళ్లు, వ్యవస్థ ఎయిర్‌ఫోర్స్‌ది. చేతక్, చీతా హెలికాప్టర్లు వచ్చాక ఈ ఇరుకు పెరిగింది. చివరకు 1986 నవంబరు 1న ఆర్మీ ఏవియేషన్ కోర్ వేరుగా ఏర్పడింది, తేలికపాటి హెలికాప్టర్లు దానికి వెళ్లాయి. దాడి హెలికాప్టర్లు మాత్రం ఎయిర్‌ఫోర్స్ దగ్గరే ఉన్నాయి, యుద్ధంలో ఆర్మీ చెప్పినట్టు నడవాలన్న షరతుతో. ఇక ముందు కొనేవి ఆర్మీకి ఇవ్వొచ్చని 2012లో ప్రభుత్వం తేల్చింది. ఎయిర్‌ఫోర్స్‌కు 22 అపాచీ దాడి హెలికాప్టర్లు, ఆర్మీకి ఆరు. ఆర్మీవి 2025లో రావడం మొదలైంది. ఒకే హెలికాప్టర్, రెండు దళాలు, రెండు మెయింటెనెన్స్ వ్యవస్థలు, రెండు చోట్ల విడిభాగాల నిల్వ. డబ్బు లెక్కలో ఇది దుబారా. ట్యాంకుల పక్కన నెలల తరబడి ఉండి, వాళ్ల రేడియో మాట అలవాటైన పైలట్ కావాలన్న ఆర్మీ వాదన కూడా కొట్టిపారేసేది కాదు.

ఆ వాదన గట్టిపడింది కార్గిల్‌తో. 1999 మేలో ఆర్మీ సాయుధ హెలికాప్టర్లు అడిగింది. ఆ ఎత్తుల్లో అవి శత్రువు భుజాన పెట్టుకు పేల్చే క్షిపణులకు సులువుగా దొరుకుతాయి, పైగా విమాన బలం వాడాలంటే రాజకీయ అనుమతి కావాలి అన్నది ఎయిర్‌ఫోర్స్ మాట. అనుమతి వచ్చి మే 26న దాడులు మొదలయ్యాయి, నియంత్రణ రేఖ దాటకూడదన్న షరతుతో. 27న మిగ్-27 రాకెట్లు పేల్చిన వెంటనే ఇంజిన్ ఆగిపోయింది, దాని పైలట్ కోసం వెతుకుతున్న మిగ్-21ను క్షిపణి కొట్టింది. 28న ఎంఐ-17 కూలింది. మూడు రోజుల్లో మూడు. పల్చటి గాలిలో రాకెట్ దారి మారుతుంది, మైదానాలకు సరిపోయే గురిచూసే సైట్ లెక్కలు అక్కడ తప్పుతాయి, ఇంజిన్‌కు చాలినంత గాలి అందదు. పద్ధతి మార్చారు: క్షిపణికి అందని ఎత్తు నుంచి, మిగ్ పైలట్లు చేతి జీపీఎస్, స్టాప్‌వాచ్ పెట్టుకుని బాంబులు వేశారు. మిరాజ్-2000లకు లేజర్‌తో గురిపెట్టే పాడ్ అమర్చి, జూన్ 24న టైగర్ హిల్ మీద గురి తప్పకుండా కొట్టారు. ఎయిర్‌ఫోర్స్ హెచ్చరిక సాంకేతికంగా సరైనదే. ఆ మూడు వారాల ఉత్తరప్రత్యుత్తరాల్లో కొండ కింద ప్రాణాలు పోగొట్టుకున్నది పదాతి దళమన్నదీ నిజమే.

మూడో ప్రశ్నకు నేపథ్యం కూడా కార్గిల్ సమీక్షే. 2001లో త్రివిధ దళాల ఉమ్మడి హెడ్‌క్వార్టర్స్, అండమాన్ నికోబార్ ఉమ్మడి కమాండ్ వచ్చాయి. 2020 జనవరి 1న జనరల్ బిపిన్ రావత్ తొలి చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్. ఉమ్మడి సంస్థల్లో ఒక దళం అధికారి మరో దళం వాళ్ల మీద క్రమశిక్షణ చర్య తీసుకునేలా 2023లో చట్టం కూడా అయింది. థియేటర్ కమాండ్ అంటే ఒక సరిహద్దుకు ఒకే కమాండర్, మూడు దళాలూ ఆయన కింద. ఎయిర్‌ఫోర్స్ అభ్యంతరం అహంకారం కాదు, కూడికలు తీసివేతలు. ఆమోదించిన స్క్వాడ్రన్లు 42. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో చివరి మిగ్-21లకు వీడ్కోలు చెప్పాక మిగిలినవి 29. స్క్వాడ్రన్‌కు 16 నుంచి 18 విమానాలు. గగనతల హెచ్చరిక విమానాలు, గాల్లో ఇంధనం నింపే ట్యాంకర్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. వీటిని పడమరకు, ఉత్తరానికి, సముద్రానికి పంచేస్తే ఎక్కడా చాలవు. ఒకే చేతిలో ఉంటే పొద్దున పంజాబ్ మీద ఉన్న స్క్వాడ్రన్ సాయంత్రానికి అస్సాంలో ఉంటుంది.

ఇప్పుడున్నవి ఏడు కమాండ్లు: ఐదు యుద్ధ కమాండ్లు, బెంగళూరులో ట్రైనింగ్, నాగపూర్‌లో మెయింటెనెన్స్. మన దుండిగల్ అకాడమీ, హకీంపేట స్టేషన్ ట్రైనింగ్ కమాండ్ కిందివి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్‌హెచ్-16 మీద అద్దంకి దగ్గర 4.1 కిలోమీటర్ల కాంక్రీటు రన్‌వే ఉంది చూడండి, అత్యవసరంగా విమానాలు దించడానికి. దక్షిణాదిలో పెద్ద స్థావరాలు తక్కువ కాబట్టి, స్క్వాడ్రన్లను ఒక మూల నుంచి ఇంకో మూలకు వేగంగా జరపాలన్నా, స్థావరం మీద దాడి జరిగితే వేరే చోట దిగాలన్నా అలాంటి పట్టీలే ఆధారం. థియేటర్ గీతలు ఎక్కడ గీసినా ఇలా వేగంగా జరిపే వీలు చెడకుండా ఉండాలన్నదే ఎయిర్‌ఫోర్స్ వైపు నుంచి వినిపించే అసలు షరతు. ఇంటర్వ్యూలో అడిగితే ఒక పక్షం తీసుకోకండి. విమానాల పంపకం ఎవరు నిర్ణయిస్తారు, ఎన్ని గంటల్లో వెనక్కి తీసుకోవచ్చు అన్న రెండు ప్రశ్నలకు జవాబు వచ్చేదాకా ఏ నమూనా మంచిదో చెప్పలేమని సూటిగా చెప్పండి.